కిరాయికి ఇవ్వబడును
ఖాళీ మడిగెలు నింపడంలో తొమ్మిదేళ్ల అనుభవం గల యజమాని చిట్కాలు

నాకు వికారాబాద్‌లో రోడ్డు మీదికి మూడు మడిగెలున్నాయి. తాండూరులో మా బావమరిదితో పొత్తులో ఒక షెడ్డు, దాని పక్కన రెండు మడిగెలు. మొత్తం ఆరు ఆస్తులు. ఈ ఆరింటినీ తొమ్మిదేళ్లుగా చెక్కుచెదరకుండా కాపాడుకుంటూ వస్తున్నాను. ఒక నాలుగు నెలల ముచ్చట తప్పిస్తే గోడకు ఒక్క మేకు కొట్టనివ్వలేదు. గచ్చు మీద ఒక్క గీత పడనివ్వలేదు. వేసిన నాటి సున్నం వాసన ఇంకా లోపలే ఉంది. ఇంత అనుభవం పెట్టుకుని నలుగురికీ సలహా చెప్పకపోతే పాపం తగులుతుందని కలం పట్టాను.

ముందు రోగం పుట్టుక చెప్పాలి. 2016 అక్టోబరు 11, దసరా నాడు రంగారెడ్డి జిల్లా నుంచి విడిపడి వికారాబాద్ జిల్లా పుట్టింది. ఆ సాయంత్రం నా చేతిలో జమ్మి ఆకు పెట్టి అలాయి బలాయి తీసుకున్న ప్రతి మనిషీ చెవిలో ఒకటే మాట ఊదాడు: ‘కలెక్టరాఫీసు వస్తున్నది, మడిగెలు లేపు.’ లేపాను. వాళ్లు కూడా లేపారు. 2011 లెక్కల్లో వికారాబాద్ జనాభా సుమారు 53 వేలు, తాండూరుది 65 వేలు. మేం లేపిన షటర్లు చూస్తే, పసిపిల్లలతో సహా తలా ఒక దుకాణం పెట్టినా నాలుగు మిగులుతాయేమో అనిపిస్తుంది.

మొదట్లో కొన్నాళ్లు రోజులు బాగానే ఉన్నాయి. కొత్త జిల్లాకు సొంత గూడు లేదు కాబట్టి ఆఫీసులు దొరికిన చోట సర్దుకున్నాయి. 2022 ఆగస్టు 16న కొత్త కలెక్టరేట్ ప్రారంభమైంది. దాని పూర్తి పేరు సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయం. ఆ పేరును ఒకసారి నెమ్మదిగా చదవండి. ఆఫీసులన్నీ ఒకే కప్పు కిందికి పోతాయని పేరులోనే రాసి ఉంది. మేం మాత్రం ‘జిల్లా’ అన్న ముక్క చదివి ఇటుకలు తెప్పించాం, ‘సమీకృత’ అన్న ముక్క చదవలేదు.

సరే, అయిందేదో అయింది. ఇక చిట్కాలు.

1. కిరాయి రూపాయి కూడా తగ్గించవద్దు

కిరాయి ఎంతని తేల్చడానికి ఊళ్లో వాకబు చేయడం చిన్నతనం. కూకట్‌పల్లిలో మీ మేనల్లుడు ఉంటాడు. అక్కడ మడిగె ఎంత నడుస్తోందో అతన్ని అడగండి. హైదరాబాద్ ఇక్కడికి 75 కిలోమీటర్లే కదా, రేటు దారిలో అరిగిపోదు.

నేను నెలకు 15 వేలు చెప్పాను. మొదటి ఏడే ఎరువులు, పురుగుమందుల దుకాణం పెడతానని ఒకతను వచ్చి 11 వేలు ఇస్తానన్నాడు. నాలుగు వేలు ఎవరికి చేదు? పంపించేశాను. ఇప్పుడు లెక్క చూడండి. తొమ్మిదేళ్లంటే 108 నెలలు. నెలకు నాలుగు వేల చొప్పున 4,32,000 రూపాయల నష్టం రాకుండా ఆపాను. మా అమ్మాయి బీకాం చదివింది. ‘నాన్నా, 11,88,000 వచ్చేవి కదా’ అని అదే కాగితం వెనుక ఇంకో లెక్క వేసి చూపించింది. చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు.

ఇందులో పామరులకు తెలియని కిటుకు ఒకటి ఉంది. మడిగె అమ్మకం ధర కిరాయిని బట్టి పలుకుతుంది. 11 వేలకు ఇచ్చామా, అది 11 వేల మడిగె అని బజారంతా తెలిసిపోతుంది. ఖాళీగా ఉంచితే అది ఎప్పటికీ 15 వేల మడిగే. పక్క షటర్ల వాళ్లు కూడా మీకు దండం పెడతారు, మీరు దిగితే వాళ్లూ దిగాలి కాబట్టి. మా వరుసలో అందరం ఒకరి ధర ఒకరం నిలబెట్టుకుంటూ ఖాళీగా ఉన్నాం. ఇంత ఐకమత్యం ఊళ్లో ఇంకెక్కడా చూడలేదు.

2. బోర్డు రాయడంలో జాగ్రత్త

‘కిరాయికి ఇవ్వబడును’ అన్న బోర్డు వేరే చెక్క మీద రాయించవద్దు, ఖర్చు. నేరుగా షటర్ మీదే పెయింట్ చేయించండి. షటర్ ఎత్తితే అక్షరాలు, ఫోన్ నంబరు చుట్టుకుని పైకి పోతాయి. అంటే మీరు మడిగె చూపించడానికి తెరిచినప్పుడల్లా దారిన పోయేవాళ్లకు అది కిరాయికి ఉందని తెలియదు. గోప్యత ముఖ్యం. నంబరులో చివరి అంకె ఎండకు వెలిసిపోతే తిరిగి రాయించకండి. నిజంగా అవసరమున్నవాడు సున్నా నుంచి తొమ్మిది దాకా పదిసార్లు ప్రయత్నిస్తాడు.

కింద తప్పక ఒక వాక్యం చేర్చండి: ‘బ్యాంకులకు, ఏటీఎంలకు మాత్రమే.’ బ్యాంకు అంటే పరువు, ఏటీఎం అంటే నిద్రపోని కిరాయిదారు. యూపీఐ కూడా మన జిల్లా పుట్టిన 2016లోనే వచ్చింది. రెండూ కవల పిల్లలన్నమాట. అప్పటి నుంచి నోటు ముట్టే పని జనానికి తగ్గుతూ వచ్చింది. నా మడిగె మెట్ల మీద సీతాఫలాలు అమ్మే ఆమె గంపకు కూడా క్యూఆర్ అట్టముక్క వేలాడుతోంది. ఏటీఎం కోసం ఎదురుచూస్తున్న నా షటర్‌కు ఆమె వీపు ఆనించి కూర్చుని ఫోన్‌లో డబ్బు తీసుకుంటోంది. లోకం ఎటు పోతోందో ఆలోచించి బుర్ర పాడుచేసుకోవద్దు. బోర్డు మీద మాట మార్చవద్దు.

3. కాగితం 11 నెలలకు, ఖర్చు పదేళ్లకు

ఏడాది దాటిన కౌలు పత్రం తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. అందుకే దేశమంతా 11 నెలల కాగితం రాసుకుంటుంది. మీరూ అదే రాయండి. అయితే లోపల గచ్చు, ఫాల్స్ సీలింగ్, గాజు తలుపు, కరెంటు వైరింగ్, నల్లా అన్నీ కిరాయిదారు తన డబ్బుతో చేయించుకోవాలని షరతు పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు అవన్నీ మడిగెకే వదిలి పోవాలని ఇంకో షరతు.

ఒకసారి ఒక కుర్రవాడు, కళ్లద్దాల దుకాణం పెడదామని వచ్చి, ‘సార్, నాలుగు లక్షలు లోపల పెడితే పన్నెండో నెలల నన్ను పొమ్మంటే ఎట్ల?’ అని అడిగాడు. ‘నా మీద నమ్మకం లేదా?’ అన్నాను. ‘ఉంది సార్, కాగితం మీద లేదు’ అన్నాడు. అతనికి కళ్లద్దాలు అవసరం లేదనిపించింది. మూడేళ్లకో ఐదేళ్లకో రిజిస్టర్ చేసిచ్చి, ఏటా కిరాయి ఎంత పెరగాలో అందులోనే రాసుకునే వాళ్లు కూడా ఉన్నారట. వాళ్లకు ప్రతి ఏడూ కొత్త మనిషిని వెతుక్కునే యోగం లేదు.

4. ఖాళీ అని రాతపూర్వకంగా ఒప్పుకోవద్దు

మున్సిపాలిటీల్లో వేకెన్సీ రెమిషన్ అని ఒక ఏర్పాటు ఉంది. కట్టడం ఖాళీగా ఉందని అర్జీ పెట్టుకుని రుజువు చూపిస్తే ఆస్తిపన్నులో కొంత తగ్గిస్తారు. నేను పెట్టుకోలేదు. సంతకం చేసి, తేదీ వేసి, ‘నా మడిగె ఖాళీగా ఉన్నది’ అని సర్కారుకు రాసివ్వడమా? వియ్యంకులకు తెలిస్తే? పన్ను పూర్తిగా కడుతున్నాను. కరెంటు మీటరు దుకాణాల కేటగిరీలో ఉంది కాబట్టి బల్బు వేయకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ వస్తుంది, అదీ కడుతున్నాను. నెల నెలా బిల్లు వస్తుంటే మడిగె నడుస్తున్నట్టే ఉంటుంది.

5. ఉన్నట్టు చూపించండి

ఈ చిట్కా నాది కాదు, విలాయతీది. 2013 జూన్‌లో జీ8 దేశాధినేతలు ఉత్తర ఐర్లాండ్‌లోని ఫెర్మానా ప్రాంతానికి సమావేశానికి వచ్చారు. దారి పక్క పల్లెల్లో మూతపడ్డ దుకాణాలు కనిపిస్తే బాగుండదని వాటి అద్దాల మీద రంగుల బొమ్మలు అంటించారు. బెల్కూ అనే ఊళ్లో మూతపడ్డ మాంసం దుకాణం కిటికీ చూస్తే లోపల మాంసం వేలాడుతున్నట్టే, తలుపు తెరిచి ఉన్నట్టే. కార్లలో పోయేవాళ్లకు ఊరు కళకళలాడుతూ కనిపించింది. కొనబోతే గోడ తగులుతుంది, అంతే.

మనకు అంత ఖర్చు అవసరం లేదు. మన దగ్గర ఫ్లెక్సీ విద్య ముందునుంచే ఉంది. నా మధ్య మడిగె షటర్ మీద ఏడాది పొడవునా ఎవరో ఒకరికి జన్మదిన శుభాకాంక్షలు ఉంటాయి. ఒక నాయకుడి పుట్టినరోజు దాటిందా, దాని మీదే ఇంకో నాయకుడు ఎక్కుతాడు. పైసా కిరాయి రాదు, అడిగే ధైర్యమూ లేదు. కానీ ఖాళీ కనిపించదు. నా ఫోన్ నంబరు కూడా కనిపించదు. ఒక గుడ్డతో రెండు పనులు.

జపాన్‌లో మూతపడ్డ దుకాణాల వీధిని షత్తాదోరి అంటారు. దోరి అంటే వీధి. షత్తా అంటే మన షటరే, ఆ ముక్క వాళ్లు కూడా ఇంగ్లీషు నుంచే తెచ్చుకున్నారు. అంత పెద్ద దేశంతో మనకు ఈ ఒక్క విషయంలో చుట్టరికం కలిసింది. వాళ్ల ఖాళీకి కారణాలు వెతికితే ముసలివాళ్లవుతున్న ఊళ్లు, ఊరి బయటి పెద్ద దుకాణాలు దొరుకుతాయి. మన ఖాళీకి కారణం దిష్టి. అందుకే తర్వాతి చిట్కా.

6. తప్పు వాస్తుదే

మడిగె పోవడం లేదంటే ముందు సింహద్వారం చూడాలి. నేను చూపించాను. మెట్లు మూడు ఉండకూడదు, ఐదు ఉండాలన్నారు. కట్టించాను. ఈశాన్యంలో బరువుందన్నారు. మరుగుదొడ్డి కోసం వదిలిన జాగా అదే. మూయించాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషీ, ముఖ్యంగా బ్యూటీ పార్లర్ పెడదామని వచ్చిన అక్కాచెల్లెళ్లు, ‘బాత్రూం ఎక్కడ సార్?’ అని అడిగి వెళ్లిపోయారు. వాస్తు పనిచేయడానికి టైం పడుతుంది.

అయితే ఐదు మెట్లు వృథా కాలేదు. మూడున్నప్పుడు సీతాఫలాల ఆమె ఒక్కతే కూర్చునేది. ఐదయ్యాక పక్కన చెప్పులు కుట్టే పెద్దమనిషి, ఆపై మెట్టు మీద మొబైల్ కవర్లు పరిచే కుర్రాడు చేరారు. మధ్యాహ్నం నీడ కూడా నా ఛజ్జాదే. అంగడి రోజున మెట్టు మీద కాలు పెట్టే సందుండదు. వాస్తు సిద్ధాంతి ఈ భాగం పుస్తకంలో చూడలేదేమో.

7. హైదరాబాద్ వాళ్లకు హైదరాబాద్‌నే చూపించండి

శని, ఆదివారాలు వస్తే అనంతగిరికి కార్లు బారులు తీరతాయి. కొండ, అడవి, అనంతపద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, కోట్‌పల్లి చెరువులో పడవలు. హైదరాబాద్‌లో మూసీని చూసి ముక్కు మూసుకున్నవాళ్లు ఇక్కడ అదే మూసీ పుట్టుక చూసి చేతులు జోడిస్తారు. వాళ్లంతా నా మడిగెల ముందు నుంచే పోతారు. ఆగరు.

వాళ్లను ఆపడానికి ఏం పెట్టాలి? హైదరాబాద్‌లో గల్లీకి నాలుగున్న టీ ఫ్రాంచైజీ పెట్టించండి. పక్క మడిగెలో మండీ బిర్యానీ. ఆ పక్కన మళ్లీ టీ. ఇంట్లో దొరికేదే బయట దొరికితే మనిషికి ధైర్యంగా ఉంటుంది. ఒకటి నడిస్తే అదే వరుసలో అలాంటివే ఐదు పెట్టించాలి. అప్పుడు ఐదూ సమానంగా మూతపడతాయి, ఎవరికీ అసూయ ఉండదు.

ఒక తాండూరు మిత్రుడు మాత్రం పిచ్చి మాట ఒకటి అన్నాడు. ‘మా కందులకు 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చింది కదా. సున్నపురాయి పొరల మీది నల్లరేగడి భూముల్లో పండే కంది అది. ఆ పప్పు కిలో, రెండు కిలోల సంచుల్లో కట్టి నీ మడిగెలో అమ్మితే అనంతగిరి వచ్చినోళ్లు కొనుక్కపోరా?’ అన్నాడు. అక్కడి మిల్లు నుంచి ఇక్కడికి 40 కిలోమీటర్లే. హైదరాబాద్‌లో అసలైన తాండూరు పప్పు ఏదో తేల్చుకోలేక జనం తిప్పలు పడుతున్నారు కూడా. కానీ నా మడిగెలో పప్పు అమ్మడమా? బ్యాంకు వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?

8. తాండూరు షెడ్డుకు తాండూరు మందు

తాండూరు బజారు వేరు. ఒకే బేరంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ దొర్లుతాయి. రైలెక్కితే పక్కనే కర్ణాటక సేడం. నాపరాయి ఆ ఊరికి అన్నం పెట్టిన రాయి. నీలం బండ, పసుపు బండ అని రాష్ట్రాలు దాటి పోయాయి. ఊరి చుట్టూ గనులు, పాలిష్ మిషన్లు, సిమెంటు కర్మాగారాలు. తర్వాత గుజరాత్ మోర్బీ నుంచి టైల్స్ వచ్చి ఇళ్లల్లో పరుచుకున్నాయి. మా షెడ్డులో మిషన్ ఆగిపోయింది.

ఖాళీ షెడ్డు దొరికితే ఏం చేయాలో తెలుగు దేశమంతటికీ తెలుసు: ఫంక్షన్ హాల్. మేమూ అదే తలపెట్టాం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోను, మూఢాలు పోను, మొహర్రం, రంజాన్ నెలల్లో ముస్లిం ఇళ్ల పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అవి కూడా పోను, మిగిలిన ముహూర్తాల్లో ఊళ్లోని హాళ్లన్నీ ఒకే రోజున నిండి, ఒకే రోజున ఖాళీ అవుతాయి. షెడ్డు ఖాళీగా ఉంటే బరువు. ఎనిమిది వందల కుర్చీలతో ఖాళీగా ఉంటే హోదా.

లోపల గచ్చుకు మోర్బీ టైల్సే వేయించాం. తాండూరు వచ్చిన పెళ్లివారికి తాండూరు బండ చూపిస్తే ఏం గొప్ప? గోడల దగ్గర మిగిలిపోయిన నీలం బండలు బయట పేర్చాం. ఒకసారి హైదరాబాద్ నుంచి ఇల్లు కట్టుకునే దంపతులు దారి తప్పి వచ్చి, ఆ బండలు తడిపి చూసి, ‘ఇవి అమ్ముతారా? నాలుగు రకాలు పరిచి చూపించే చోటు ఊళ్లో ఎక్కడైనా ఉందా?’ అని అడిగారు. ‘లేదమ్మా, ఇది పెళ్లిళ్ల హాల్’ అని మర్యాదగా పంపించాం.

9. బేరమాడని వాడే ఉత్తముడు

ఇన్నేళ్లలో ఒక్కసారి నా 15 వేలకు తలూపినవాడు దొరికాడు. అంతే కాదు, ‘18 వేలు ఇస్తా సార్’ అన్నాడు. గుమాస్తాలు, గాజు తలుపు, లోపల ఏసీ, గోడ మీద లక్ష్మీదేవి. జనం దగ్గర నెల నెలా డబ్బు కట్టించుకుని రెట్టింపు ఇస్తానని చెప్పే వ్యాపారమట. ఎరువుల దుకాణం వాడు అమ్మకం ఎంత, మిగులు ఎంత, అందులో కిరాయి ఎంత భరించగలనని వేళ్ల మీద లెక్కపెట్టి బేరమాడాడు. ఇతను లెక్కే పెట్టలేదు. ఇవ్వదలచుకున్నవాడే లెక్కపెడతాడన్న సంగతి నాకు నాలుగో నెలలో తెలిసింది. ఒక పొద్దున ఏసీతో సహా లేడు. లక్ష్మీదేవి మాత్రం గోడ మీద ఉంది. డబ్బు కట్టినవాళ్లు వారం రోజులు నా ఇంటి ముందు కూర్చున్నారు.

అయినా చిట్కా మారదు. ఆ నాలుగు నెలలూ నా మడిగె 18 వేల మడిగె. ఇప్పుడు కొత్తవాళ్లకు అదే రేటు చెబుతున్నాను.

10. ఓపిక: నవాబుల దారి

వికారాబాద్ పేరులో ఉన్న ‘వికార్’, ‘పైగా’ అనే వంశపు నవాబుల వికారుల్ ఉమ్రా అనే బిరుదులోది. ఆ బిరుదు మోసినవారిలో ఒకాయన, హైదరాబాద్ దివాన్‌గా పనిచేసిన సర్ వికారుల్ ఉమ్రా, 1884లో కొండ మీద ఫలక్‌నుమా మహలుకు పునాది వేయించాడు. అది పూర్తయ్యేసరికి ఖజానా ఖాళీ అయి అప్పుల్లో పడ్డాడు. మహలు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. 1911లో నిజాం కన్నుమూశాక దానికి వైభవం తగ్గింది. అప్పుడప్పుడు ఒక పెద్ద అతిథి దిగడం తప్పిస్తే దశాబ్దాల పాటు మూతపడ్డట్టే ఉంది. చివరికి 2010 నవంబరులో తాజ్ వాళ్లు దాన్ని హోటల్‌గా తెరిచారు.

1911 నుంచి 2010 దాకా ఎన్నేళ్లు? 99. చేతికి మించి కట్టడం, తర్వాత కిరాయిదారు కోసం తరాల తరబడి ఎదురుచూడడం మన ఊరి పేరులోనే ఉన్న సంప్రదాయం. నాకు తొమ్మిదేళ్లే అయ్యాయి. ఇంకా 90 ఏళ్ల గడువుంది.

‘నాన్నా, వాళ్లది మహలు, మనది మడిగె’ అంది మా అమ్మాయి. ఈ బీకాంతో వేగలేకపోతున్నాను.

11. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడనిది

ఒక ప్రమాదకరమైన పద్ధతి లోకంలో తిరుగుతోంది. జాగ్రత్త పడడం కోసం వివరంగా చెబుతున్నాను.

ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ అని బొగ్గు, ఉక్కు ఊరు. తాండూరుకు రాయి ఎలాగో దానికి ఉక్కు అలాగ. 1999లో అక్కడి బీహెచ్‌పీ ఉక్కు కర్మాగారం మూతపడింది. బజారు కూడా చిక్కిపోయింది. మార్కస్ వెస్ట్‌బరీ అనే అతను తన సొంతూరి ప్రధాన వీధుల్లో నడుస్తూ సుమారు 150 ఖాళీ కట్టడాలు లెక్కపెట్టాడట. 2008లో రెన్యూ న్యూకాజిల్ అనే సంస్థ పెట్టాడు. యజమానుల దగ్గరికి పోయి, ‘కౌలు రాయవద్దు, కిరాయి తగ్గించవద్దు. ఉత్త అనుమతి ఇవ్వండి, 30 రోజులకోసారి పొడిగించుకుందాం. అసలైన కిరాయిదారు దొరికిన నాడు నోటీసు ఇవ్వండి, ఖాళీ చేస్తాం’ అన్నాడు. బొమ్మలు గీసేవాళ్లు, నగలు చేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు లోపలికి వచ్చారు. ఊడ్చారు, దీపం పెట్టారు. వీధిలో దీపం కనపడగానే మనుషులు కనపడ్డారు. మనుషులు కనపడగానే మామూలు కిరాయిదారులు కూడా మెల్లగా వచ్చారు.

ఎంత దారుణమో చూడండి. మన దగ్గర కూడా ఇలాంటి దానికి చట్టంలో సందు ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం లైసెన్స్ వేరు, లీజు వేరు. లైసెన్స్ అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే, ఆస్తి మీద హక్కు ఏదీ రాదు. అంటే ఒక మహిళా సంఘానికి మూడు నెలలు పచ్చళ్లు, పిండివంటలు అమ్ముకోవడానికి ఇవ్వవచ్చు. సీజన్‌లో సీతాఫలాలకు ఇవ్వవచ్చు. పరీక్షల ముందు పిల్లలు చదువుకోవడానికి ఇవ్వవచ్చు. మడిగెను అడ్డంగా చీల్చి నలుగురు చిన్నవాళ్లకు నాలుగు బల్లలు వేయించవచ్చు. ఏ ఒక్కరూ 15 వేలు ఇవ్వలేరు, నలుగురూ కలిసి ఇచ్చేస్తారు. అప్పుడేమవుతుంది? మడిగె తెరుచుకుంటుంది. తెరుచుకున్న మడిగెలో మేకులు కొడతారు, గచ్చు గీతలు పడుతుంది, సున్నం వాసన పోతుంది.

నాకు ఈ గండం గుమ్మం దాకా వచ్చింది. సీతాఫలాల ఆమె రెండేళ్ల కింద ఒక సాయంత్రం గంపలు సర్దుకుంటూ అడిగింది:

‘సారూ, రాత్రిల్ల ఈ గంపలు లోపల పెట్టుకుంట. మోసుకపోను మోసుకరాను ఆటోకే సగం పోతున్నది. ఆటోకిచ్చేది నీకే ఇస్త.’

‘బ్యాంకు వాళ్లు వస్తే ఎట్లమ్మా? ఖాళీగా ఉండాలె’ అన్నాను.

‘వస్తే తీసేస్త సారూ. గంపలే గద, గోడలా?’

ముప్పై రోజుల నోటీసు కూడా అడగలేదు, ముప్పై నిమిషాలు చాలన్నది. న్యూకాజిల్ అతని కంటే ఆమె షరతులే తేలిక. చలించాను కానీ లొంగలేదు. చింత చచ్చినా పులుపు చావకూడదు కదా.

మొన్నటి సీజన్‌లో నెలకోసారి చేసే పనిగా లోపల బూజు దులుపుతున్నాను. షటర్ మోకాళ్ల ఎత్తు దాకా లేపి ఉంది. బయట బండి ఆగిన చప్పుడైంది. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, కొత్త బూట్లు, కుర్రవాడి గొంతు.

‘అమ్మా, ఈ షటర్ కిరాయికి ఇస్తరా? ఓనర్ ఎవరు?’

నేను బయటికి రాబోయి ఆగాను. తొందర పడితే రేటు పడిపోతుంది. తక్కెడలో పండ్లు సర్దుతున్న చప్పుడు ఆగకుండానే ఆమె జవాబిచ్చింది.

‘ఇది కిరాయికిచ్చేది కాదు బిడ్డా. సూసుకునేది.’

కుర్రవాడు నవ్వాడు. రెండు కిలోల సీతాఫలాలు తూయించుకున్నాడు. క్యూఆర్ మీద ఫోన్ పెట్టాడు, డబ్బు చేరిందని ఫోన్ పలికింది, బండి వెళ్లిపోయింది. ఆ పూట నా మెట్ల మీద అది పదకొండో బేరం. లోపల కూర్చుని లెక్కపెట్టాను.